అర టికెట్టు లేని చోట: ఓర్లాండో డిస్నీకి రాయితీ వెతికిన నా అనుభవం

మా నాన్న ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్ళు కండక్టరుగా చేసి తెనాలి డిపోలో రిటైరయ్యారు. 2024 ఏప్రిల్‌లో ఆయనా అమ్మా కొన్నాళ్ళు ఉందామని మా దగ్గరికి వచ్చారు. మేముండేది అమెరికాలోని జార్జియాలో, అట్లాంటాకి ఉత్తరాన, కమ్మింగ్‌లో. వేసవి సెలవుల్లో పిల్లల్నీ వాళ్ళనీ ఫ్లోరిడాలోని ఓర్లాండో తీసుకెళ్ళి డిస్నీ వరల్డ్ అనే వినోద పార్కులు చూపించాలని నాకూ మా ఆయనకీ ఎప్పటినుంచో ఉంది. రాత్రి భోజనాల దగ్గర ఆ మాట చెప్పగానే మా పెద్దది కుర్చీలోంచి దూకి గెంతులేసింది. నాన్న మాత్రం మజ్జిగ కలుపుకుంటూ ఒక్కటే అడిగారు. "టికెట్టు ఎంతమ్మా?"

ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన పక్కన కూర్చుని డిస్నీ వాళ్ళ క్యాలెండర్ తెరిచాను. ఒక్కో తేదీ కింద ఒక్కో ధర. 2018 అక్టోబరు నుంచి ఇక్కడ తేదీని బట్టి ధర మారే పద్ధతి వచ్చింది. 2024లో ఒక్క రోజు టికెట్టు తక్కువలో తక్కువ 109 డాలర్లు, క్రిస్మస్ రోజుల్లో అయితే 189. జూలైలో, అక్కడి పార్కుల్లో ఒకటైన మేజిక్ కింగ్‌డమ్‌కి నూట యాభై పైనే చూపిస్తోంది. నాన్న మనసులోనే రూపాయల్లోకి గుణించుకున్నారు. "పన్నెండున్నర వేలు. ఒక్క మనిషికి, ఒక్క రోజుకి" అన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి, "మీరు నలుగురూ వెళ్ళి రండమ్మా. నేనూ మీ అమ్మా ఇంట్లో ఉంటాం" అని గదిలోకి వెళ్ళిపోయారు.

ఆ మాట నాకు చాలా కష్టంగా అనిపించింది. నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఓవర్‌టైమ్ డ్యూటీలు చేసి ఫీజు కట్టిన మనిషి ఆయన. ఇప్పుడు నా ఇంట్లో కూర్చుని నా ఖర్చు తగ్గించాలని చూస్తున్నారు. ఎలాగైనా ధర తగ్గించి, ఆయన ముందు లెక్క పెట్టి, అప్పుడు అడగాలని ఆ రాత్రే అనుకున్నాను.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఆయనే మళ్ళీ కదిపారు. "సీనియర్ సిటిజన్లకి రాయితీ ఉండదా? మన బస్సులో అరవై దాటితే 25 శాతం తగ్గిస్తాం కదా." వెతికి చూశాను. డిస్నీ వరల్డ్‌లో వయసు మళ్ళినవాళ్ళకి ప్రత్యేకమైన ధర లేదు. పదేళ్ళు నిండితే చాలు, అందరూ పెద్దవాళ్ళ లెక్కే. "మరి పిల్లలకి అర టికెట్టు?" అన్నారు. మూడు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళకి పిల్లల టికెట్టు అని ఉంది గానీ, పెద్దవాళ్ళ ధరకీ దానికీ తేడా ఐదారు డాలర్లే. మా పెద్దదానికి తొమ్మిదేళ్ళు. కాబట్టి ఆ దారిలో పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు.

అయితే మూడేళ్ళు నిండని పిల్లలకి అసలు టికెట్టే అక్కర్లేదు. మా చిన్నోడికి ఆగస్టు 9కి మూడు నిండుతాయి. అప్పటిదాకా మేం ఆగస్టు రెండో వారం వెళ్దామని అనుకుంటున్నాం, మా ఆయనకి అప్పుడు సెలవు దొరుకుతుందని. ఆ ఒక్క సంగతి తెలిసి ప్రయాణం జూలై మూడో వారానికి మార్చాం. మా ఆయన మేనేజర్‌తో మాట్లాడి సెలవు ముందుకి జరుపుకున్నారు. ఒక టికెట్టు మొత్తం మిగిలిపోయింది. నాలుగు వందల డాలర్ల పైమాట అది. ఏ కూపనూ అంత ఇవ్వదు. చిన్నపిల్లలున్న వాళ్ళు ధరలు చూడ్డానికి ముందు పుట్టినరోజులు చూసుకోవాలని నేను అందరికీ చెబుతుంటాను.

తర్వాత తెలుసుకున్న సంగతి, రోజులు పెరిగేకొద్దీ రోజుకి పడే ధర తగ్గుతుందని. డిస్నీ వరల్డ్ అంటే ఒక పార్కు కాదు, నాలుగు. 1971లో మొదలైన మేజిక్ కింగ్‌డమ్, 1982 నాటి ఎప్‌కాట్, తర్వాత హాలీవుడ్ స్టూడియోస్, ఎనిమల్ కింగ్‌డమ్. ఒకే రోజు టికెట్టు కొంటే రోజు ధర మండిపోతుంది. నాలుగు రోజుల టికెట్టు కొంటే అదే రోజుకి చాలా తగ్గుతుంది, పైగా నాలుగు రోజులూ వరసగా వెళ్ళాలని లేదు, ఏడు రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. మధ్యలో ఒక రోజు విశ్రాంతి తీసుకోవచ్చని అమ్మకి ఇది బాగా నచ్చింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఒకే రోజు రెండు పార్కులు తిరగడానికి 'పార్క్ హాపర్' అని అదనంగా డబ్బు తీసుకుంటారు. అమ్మనీ చిన్నోడినీ పెట్టుకుని మేం ఒక్క పార్కు తిరిగితేనే గొప్ప. అది వద్దనుకున్నాం.

ఇంతవరకూ బాగానే నడిచింది. ఆ తర్వాత నేను ఒక పొరపాటు చేశాను. ఇది చెప్పకుండా దాటేస్తే మిగిలిందంతా రాసి ప్రయోజనం లేదు.

మన వాళ్ళే ఉండే ఒక వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఎవరో ఓర్లాండో వెళ్ళి, పిల్లలకి జ్వరం వచ్చి మధ్యలో తిరిగొచ్చేశారట. ఐదు టికెట్ల మీద ఇంకా రెండేసి రోజులు మిగిలి ఉన్నాయట. సగం ధరకి ఇచ్చేస్తాం అని. సరిగ్గా ఐదు టికెట్లు! మాక్కావలసినవీ ఐదే. తెలుగులో రాశారు, ఇంటిపేరు మన వైపుదిలాగే ఉంది. రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడారు, "అక్కా, మీరే ఫస్టు అడిగారు, ఇంకో ఇద్దరు లైన్లో ఉన్నారు, 200 అడ్వాన్సు వేస్తే మీకే ఉంచుతా" అన్నారు. నేను అప్పటికప్పుడు జెల్‌లో, అంటే బ్యాంకు నుంచి నేరుగా డబ్బు పంపే యాప్‌లో, 200 డాలర్లు పంపించేశాను. మా ఆయన నిద్రపోతున్నారు, అడగలేదు.

పొద్దున ఒక పీడీఎఫ్ వచ్చింది. అందులో ఒక నంబరు ఉంది. డిస్నీ యాప్‌లో ఆ నంబరు కొడితే తీసుకోవడం లేదు. మళ్ళీ కొట్టాను. సున్నా బదులు 'ఓ' అక్షరమేమో అని మార్చి మార్చి కొట్టాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. సాయంత్రానికి ఆ మనిషి గ్రూపులోనే లేరు. బ్యాంకుకి ఫోన్ చేస్తే, "మీరే పంపారు కదా, మీ అనుమతితో వెళ్ళిన డబ్బు మేం వెనక్కి తేలేం" అన్నారు. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

నాన్నకి చెప్పకుండా ఉండలేకపోయాను. కోప్పడతారనుకున్నాను. ఆయన కోప్పడలేదు. కాసేపు ఊరుకుని, తన కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి టికెట్టుకి పంచ్ కొడుతున్నట్టు నొక్కి చూపించారు. "ఒకసారి ఇలా పంచ్ పడ్డాక ఆ టికెట్టు ఆ మనిషిదే తల్లీ. మధ్యలో దిగిపోయి ఇంకొకడి చేతిలో పెడితే అది చెల్లదు. ఎంతమందిని దింపేశానో. పాపం, కొన్నవాడికి తెలియదు, ఏడుపు మొహం పెట్టేవాడు." అంతే అన్నారు.

ఆయన చెప్పింది ఇక్కడ అక్షరాలా నిజమని తర్వాత చదివితే తెలిసింది. ఒకవేళ ఆ మనిషి దగ్గర నిజంగానే టికెట్లు ఉన్నా అవి మాకు పనికొచ్చేవి కావు. డిస్నీ గేటు దగ్గర మూడేళ్ళు దాటిన ప్రతి ఒక్కరి వేలూ స్కాన్ చేస్తారు. మొదటి రోజు ఏ వేలు పెట్టారో, మిగతా రోజులూ ఆ టికెట్టుకి అదే వేలు కలవాలి. మిగిలిపోయిన రోజులు ఇంకొకరికి బదిలీ కావు. అంతేకాదు, ఒక్కసారైనా వాడిన ఇలాంటి టికెట్టుని ఇంకొకరికి అమ్మడం ఫ్లోరిడాలో నేరం. ఆ రాష్ట్ర చట్టంలో 817.361 అని దీనికి విడిగా ఒక సెక్షనే ఉంది. అంటే ఎక్కడైనా ఎవరైనా 'మిగిలిన రోజులు' అమ్ముతామంటే అక్కడితో ఆగిపోవచ్చు. ఆ మనిషి మంచివాడా చెడ్డవాడా అని ఆలోచించే పని కూడా లేదు.

ఆ దెబ్బతో నేను పద్ధతిగా వెతకడం మొదలుపెట్టాను. ఒక నోటుబుక్కు తీసుకుని, నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో దారీ రాసుకుంటూ వచ్చాం. ఆయన బస్సులో టికెట్ల లెక్క రాసే ఎస్‌ఆర్ కాగితం నింపే రోజుల్లోలాగా గీతలు కొట్టి గళ్ళు చేసిచ్చారు.

మొదట డిస్నీ అధికారికంగా టికెట్లు అమ్ముకోనిచ్చే సంస్థలున్నాయి. అండర్‌కవర్ టూరిస్ట్ అలాంటిదే, ట్రిపుల్ ఏ అనే కార్లున్నవాళ్ళ సంఘంలో మెంబర్‌షిప్ ఉంటే వాళ్ళ దగ్గరా దొరుకుతాయి. వీళ్ళు ఇచ్చే తగ్గింపు చిన్నది. సగం ధర అనేది ఉండదు, ఒక్కో టికెట్టు మీద కొన్ని పదుల డాలర్లు. మొదట్లో ఇది చూసి 'ఇంతేనా' అనిపించింది. తర్వాత అర్థమైంది, నిజమైన తగ్గింపుకి గుర్తే అది. డబ్బు క్రెడిట్ కార్డు మీద తీసుకుంటారు. కొన్న టికెట్టు నంబరు డిస్నీ యాప్‌లో కొట్టగానే మన పేరు మీదికి వచ్చేస్తుంది. ఈ రెండూ లేకపోతే నేను దూరం.

ఇక్కడే ఒక మెలిక ఉంది, దీనికి నాకు అరగంట పట్టింది. డిస్నీ సైట్లో ఒక ధర, అమ్మే సంస్థ సైట్లో ఒక ధర పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఇంకెందుకు అక్కడ కొనడం అనుకున్నాను. నాన్నే స్క్రీన్ మీద కింద చిన్న అక్షరాలు చూపించి "ఇది ఏంటమ్మా?" అన్నారు. డిస్నీ చూపించేది పన్ను కలపని ధర. అక్కడ 6.5 శాతం అమ్మకం పన్ను చివర్లో పడుతుంది. రెండోవాళ్ళు చూపించేది పన్నుతో కలిపిన ధర. నాలుగు రోజుల టికెట్టు మీద 6.5 శాతం అంటే ముప్పై డాలర్లకి పైనే. ఐదుగురికి లెక్కేస్తే నూట యాభై దాటిపోతుంది. అందుకే ఎక్కడ చూసినా చివరి పేజీ దాకా వెళ్ళి, డబ్బు కట్టే ముందు కనిపించే మొత్తాన్నే నోటుబుక్కులో రాసుకున్నాం. నాన్న ఆ గడికి 'చేతికొచ్చే ధర' అని పేరు పెట్టారు.

మా ఆయన ఆఫీసులో ఉద్యోగులకి రాయితీలిచ్చే పోర్టల్ ఒకటి ఉంది. ఐదేళ్ళుగా అక్కడ పనిచేస్తున్నా ఆయన దాన్ని ఎప్పుడూ తెరవలేదు. పాస్‌వర్డ్ మార్చుకుని లోపలికి వెళ్తే డిస్నీతో పాటు ఓర్లాండోలోని మిగతా పార్కులు యూనివర్సల్, సీవరల్డ్ టికెట్లు అన్నీ ఉన్నాయి. డిస్నీ ధర అధికారిక సంస్థల ధరకి అటూ ఇటూగానే ఉంది. ఇక్కడ ఐటీ కంపెనీల్లో చేసే మన వాళ్ళలో చాలామందికి ఇలాంటిది ఉంటుంది. ఒకసారి చూసుకుంటే పోయేదేం లేదు.

టాంపాలో ఉండే మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసి, "ఫ్లోరిడా వాళ్ళకి ప్రత్యేకంగా తక్కువ ధరకి ఇస్తారే, మా అడ్రస్ పెట్టి తీసేసుకోండి" అంది. అక్క ప్రేమతోనే అంది. కానీ ఆ టికెట్టు వాడే పెద్దవాళ్ళు ఒక్కొక్కరూ ఫ్లోరిడాలో ఉంటున్నట్టు రుజువు చూపించాలి. మాకున్నవి జార్జియా లైసెన్సులు, అమ్మానాన్నలవి ఇండియా పాస్‌పోర్టులు. అబద్ధపు అడ్రస్ పెట్టి, గేటు దగ్గర ఆపితే, నాన్న అక్కడ తలదించుకుని నిలబడాలా? వద్దక్కా అన్నాను. ఫ్లోరిడాలో ఉండే తెలుగువాళ్ళకి మాత్రం అది చాలా మంచి అవకాశం, తప్పక వాడుకోవాలి. అలాగే అమెరికా సైన్యంలో చేస్తున్నవాళ్ళకీ, అందులో రిటైరైనవాళ్ళకీ వేరే టికెట్లు ఉంటాయి. అవీ మాకు వర్తించవు.

చివరికి మాకు పనికొచ్చింది డిస్నీ వాళ్ళే పెట్టిన వేసవి ఆఫర్. ఆ ఏడాది వేసవికి 'ఫోర్ పార్క్ మేజిక్ టికెట్' అని తెచ్చారు. నాలుగు రోజులు, రోజుకో పార్కు, ఒక్కో పార్కుకి ఒక్కసారే. రోజుకి 99 డాలర్లు, మొత్తం 396, పన్ను అదనం. మామూలు నాలుగు రోజుల టికెట్టు అదే వారానికి పన్ను కాకుండానే ఐదు వందలు దాటింది. మేం ఎలాగూ ఒక్కో పార్కూ ఒక్కోసారే చూడాలనుకున్నాం కాబట్టి ఆ షరతు మాకు షరతే కాదు. మేజిక్ కింగ్‌డమ్‌కే రెండుసార్లు వెళ్ళాలనుకునేవాళ్ళకి ఇది కుదరదు. ఇలాంటి వేసవి టికెట్లు ఏటా ఒకేలా ఉండవు. షరతులు, పార్కులు మారుతుంటాయి. అందుకే డిస్నీ సైట్లో 'స్పెషల్ ఆఫర్స్' పేజీ చూడకుండా ఎక్కడా కొనకూడదని నా అభిప్రాయం. నేను బయట ఎక్కడెక్కడో వెతికి, 200 పోగొట్టుకుని, చివరికి వాళ్ళ గుమ్మం ముందే ఉన్నదాన్ని చూశాను.

లెక్క వేశాం. టికెట్టు 396. పన్ను 6.5 శాతం కలిపితే 421 డాలర్ల 74 సెంట్లు. ఐదింటికి 2,108 డాలర్ల 70 సెంట్లు. నాన్న కాలిక్యులేటర్ ముట్టుకోకుండానే కాగితం మీద గుణించి, నాది కూడా అంతే వచ్చిందా అని చూసుకున్నారు.

దీని మీద ఇంకో మెట్టు దిగొచ్చని మా పక్కింటావిడ చెప్పారు. ఆవిడ ఏటా వెళ్తారు. డిస్నీ టికెట్లు డిస్నీ గిఫ్ట్ కార్డుతో కొనుక్కోవచ్చు. ఆ గిఫ్ట్ కార్డులు టార్గెట్ దుకాణంలో ఉంటాయి. టార్గెట్ వాళ్ళ సొంత కార్డుతో కొంటే వాటి మీద 5 శాతం తగ్గుతుంది. మా దగ్గర ఆ కార్డు ఎప్పటినుంచో ఉంది, పాలూ డైపర్లూ కొనడానికి. సభ్యులకే సరుకులమ్మే శామ్స్ క్లబ్ అనే దుకాణంలో కూడా ముఖవిలువ కన్నా కాస్త తక్కువకి దొరుకుతాయట. మూడు వారాల్లో, సరుకులకి వెళ్ళినప్పుడల్లా కొన్ని చొప్పున, రెండు వేల డాలర్ల కార్డులు కొన్నాను. ఖర్చయింది 1,900. వంద డాలర్లు మిగిలాయి.

కార్డు కొనేటప్పుడు వెనక వెండిరంగు పట్టీ ఎవరూ గీకలేదని ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఒకటి నా చేతికొచ్చింది, పట్టీ అంచు కొంచెం లేచి, మళ్ళీ అంటించినట్టు ఉంది. పక్కన పెట్టి ఇంకొకటి తీసుకున్నాను. నంబరు ముందే రాసుకుని పెట్టి, మనం డబ్బు కట్టగానే అవతల ఖాళీ చేసేవాళ్ళున్నారని విన్నాను. ఆన్‌లైన్లో ఎవరో తక్కువకి అమ్మే గిఫ్ట్ కార్డుల జోలికి అసలు పోలేదు. ఇంటికొచ్చాక డిస్నీ గిఫ్ట్ కార్డు సైట్లో చిన్న కార్డులన్నీ కలిపి పెద్దవి చేసుకున్నాను. ఒక్కో కార్డులో వెయ్యి దాకా పడుతుంది. రెండు కార్డులయ్యాయి. టికెట్లు కొన్నప్పుడు ఆ రెండూ వాడి, మిగిలిన 108 డాలర్ల 70 సెంట్లు మామూలు క్రెడిట్ కార్డు మీద కట్టాం. ప్రయాణం అయ్యేదాకా ఆ ఖాళీ కార్డులు పారేయకుండా దాచాను. ఏదైనా డబ్బు వెనక్కి రావలసి వస్తే వాటి మీదికే వస్తుంది.

టికెట్లు కొన్నాక డబ్బు వాపసు ఉండదు. అది నాకు చాలా టెన్షన్‌గా ఉండేది, అమ్మకి ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తాం అని. చదివితే కొంచెం ధైర్యం వచ్చింది. ఒక్కసారి కూడా వాడని టికెట్టు తేదీ దాటిపోయినా, దానికి కట్టిన డబ్బుని కొత్త టికెట్టు ధరలో మినహాయిస్తారు. పూర్తిగా పోయినట్టు కాదు.

ఆ రాత్రి నోటుబుక్కు నాన్న ముందు పెట్టాను. మొదట చూసిన ధర, ఇప్పుడు కట్టిన ధర, చిన్నోడి టికెట్టు, గిఫ్ట్ కార్డుల వంద, అన్నీ. వాట్సాప్‌లో పోయిన 200 కూడా ఖర్చు గడిలోనే రాశాను. ఆయన వేలితో ఒక్కో వరసా చూసుకుంటూ కిందికి వచ్చి, "సరే, మీ అమ్మకి మంచి చెప్పులు కొనాలి, చాలా నడవాలిగా" అన్నారు. వస్తామని ఒప్పుకోవడం ఆయనకి అలా తెలుసు.

ఏడున్నర గంటల ప్రయాణం. మధ్యలో రెండుసార్లు ఆగి, ఐ-75 హైవే మీద దక్షిణానికి వెళ్తూ వెళ్తూ, టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎక్కి, డిస్నీకి దగ్గర్లో ఉండే కిసిమీ చేరేసరికి చీకటి పడింది. హోటల్లో తాళం తీసుకుంటుంటే లాబీలో ఒక బల్ల వెనక నుంచి ఒకాయన నవ్వుతూ పిలిచారు. వంద డాలర్లకి రెండు డిస్నీ టికెట్లట. రేపు పొద్దున భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చి, తొంభై నిమిషాలు టైమ్‌షేర్ గురించి, అంటే ఏటా కొన్ని రోజులు వాడుకునేలా రిసార్టులో వాటా కొనడం గురించి, వింటే చాలట. ఇది మోసం కాదు. టికెట్లు నిజమైనవే ఇచ్చే చోట్లు ఉన్నాయి, విని వద్దని వచ్చేసినవాళ్ళు మాకు తెలిసినవాళ్ళలో ఉన్నారు. కానీ తొంభై నిమిషాలన్నది మూడు గంటలయిందనీ, ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చుని ఒత్తిడి చేశారనీ వాళ్ళే చెప్పారు. పిల్లల్ని, పెద్దవాళ్ళని గదిలో వదిలి మేం ఒక పొద్దంతా అక్కడ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. సెలవులో ఒక పూట ధర ఆ టికెట్ల ధరకన్నా తక్కువేం కాదు. ఎవరైనా వెళ్ళి, ఆ ఊపులో సంతకం పెట్టేస్తే మాత్రం ఒకటి తెలిసుండాలి. ఫ్లోరిడా చట్టం ప్రకారం టైమ్‌షేర్ ఒప్పందాన్ని పది రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు.

ఖర్చు టికెట్టుతో అయిపోదు. కారు పార్కింగ్ ఆ ఏడాది రోజుకి 30 డాలర్లు, డిస్నీ సొంత హోటళ్ళలో ఉండేవాళ్ళకి అది ఉండదు. లోపల ఆరుగురం ఒక పూట తింటే వంద దాటేది. బయటి నుంచి తిండి తీసుకెళ్ళనిస్తారని చాలామందికి తెలియదు. అమ్మ పొద్దున్నే లేచి హోటల్ గదిలోనే చిన్న రైస్ కుక్కర్‌లో అన్నం వండి పులిహోర కలిపేది. ఇంటి దగ్గరే పోపు వేసి చింతపండు గుజ్జు ఉడికించి డబ్బాలో తెచ్చింది. గాజు సీసాలు లోపలికి రానివ్వరు కాబట్టి ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాను. సంచీ తనిఖీ దగ్గర అమ్మాయి డబ్బా మూత తీసి, వాసన చూసి, నవ్వి మూసేసింది. మంచినీళ్ళు కూడా కొనలేదు. తిండి అమ్మే కౌంటర్లలో అడిగితే ఐసు వేసిన నీళ్ళు గ్లాసుల్లో ఊరికే ఇస్తారు. జూలై ఎండకి ఎన్ని గ్లాసులు తాగామో. క్యూ తప్పించే పాసులకి రోజూ మనిషికి కొంత కట్టాలి, అవీ కొనలేదు. దాని బదులు గేటు తెరిచే టైముకన్నా ముందే వెళ్ళేవాళ్ళం. చిన్నోడు ఎక్కలేని రైడ్లకి ఒకరు వాడితో బయట ఉండి, తర్వాత మళ్ళీ క్యూ కట్టకుండా వెళ్ళే వీలు ఉంది. రైడర్ స్విచ్ అంటారు, అది ఊరికే.

మొదటి రోజు మేజిక్ కింగ్‌డమ్. కారు పెట్టి, టికెట్ కౌంటర్ దగ్గరికి వెళ్ళాం. నా ఫోన్లో అందరి టికెట్లూ ఉన్నాయి, అదొక్కటే చాలు. కానీ నాన్న, "చేతిలో టికెట్టు లేకుండా ఎక్కడమేంటి?" అన్నారు. కౌంటర్లో అడిగితే ఐదు ప్లాస్టిక్ కార్డులు ఇచ్చారు. తనది ఆయన చొక్కా జేబులో పెట్టుకుని, ఫెర్రీలో అవతలి ఒడ్డుకి వెళ్తున్నంతసేపూ దాన్ని రెండుసార్లు తీసి చూసుకున్నారు.

గేటు దగ్గర మా పెద్దది ముందు వెళ్ళింది. కార్డు తాకించి, వేలు పెట్టగానే పచ్చ దీపం వెలిగింది. మా ఆయన, నేను, అమ్మ అయ్యాం. నాన్న వేలు పెట్టారు. వెలగలేదు. తుడిచి మళ్ళీ పెట్టారు. వెలగలేదు. మా ఊళ్ళో రేషన్ దుకాణం దగ్గర కూడా ఆయనకి ఇలాగే అవుతుంది, ముప్పై ఏళ్ళు టికెట్లు చింపి, చిల్లర లెక్కపెట్టిన వేళ్ళు, గీతలు అరిగిపోయాయి. వెనక క్యూ పెరుగుతోంది. ఆయన మొహం వాడిపోవడం చూశాను. "నావల్ల ఆలస్యమవుతోందమ్మా, మీరు వెళ్ళండి" అన్నారు.

నా గుండె దడదడలాడింది. అక్కడున్న పెద్దావిడ, అరవై దాటే ఉంటుంది, తొందరపడకుండా ఆయన చేతిలోని కార్డు తీసుకుని, ఫొటో ఉన్న గుర్తింపు ఏదైనా ఉందా అని అడిగింది. నాన్న నడుముకున్న సంచీలోంచి పాస్‌పోర్టు తీసిచ్చారు. ఆవిడ తన చేతిలోని పరికరంలో పేరు చూసింది, పాస్‌పోర్టులో పేరు చూసింది, ఆయన మొహం చూసింది. రెండు పేర్లూ ఒకటే. ఆ కార్డుని ఆయన చేత్తోనే మళ్ళీ తాకించమంది.

పచ్చ దీపం వెలిగింది. నాన్న లోపలికి అడుగుపెట్టి, ఆగి, వెనక్కి తిరిగి ఆవిడకి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టారు. చిన్నోడు ఆయన వేలు పట్టుకుని కోట వైపు లాగుతున్నాడు.